రంపం పక్కన పేరు

నేను పనిచేసిన బడిలోనే కొత్తగా చేరిన ఇంగ్లీషు టీచరొకామె మొన్న మా ఇంటికి వచ్చి, "మేడం, మీ చార్టుల గురించి అందరూ చెబుతారు, ఆ పద్ధతి నాకూ నేర్పండి" అని అడిగింది. నేర్పుతానమ్మా అన్నాను. అయితే ముందు ఆ పద్ధతితో నేను వెలగబెట్టిన ఘనకార్యం ఒకటి వినాలి. అది వినకుండా నా చార్టుల జోలికి ఎవరూ వెళ్లకండి. ఇందులో ఎవరి పేరూ రాయను. పేరు రాయడం దగ్గరే గొడవంతా వచ్చింది.

చోడవరంలో ఇంగ్లీషు చెప్పడమంటే మీరు అనుకున్నంత కష్టం కాదు, అనుకున్నంత తేలికా కాదు. పిల్లలు మంచివాళ్లే. రావికమతం, చీడికాడ వైపు పల్లెల నుంచి షేర్ ఆటోల్లో కిక్కిరిసి వచ్చేవాళ్లు. చెరకు నరికే రోజుల్లో సగం బెంచీలు ఖాళీ. ఉన్నవాళ్లకు ఇంగ్లీషు మాటలు చెబితే సాయంత్రం దాకా ఉండేవి, ఇంటికి వెళ్లగానే పోయేవి. అందుకని నేనొక పట్టు పట్టాను. వస్తువు చూపించకుండా మాట చెప్పకూడదు. ఆ వస్తువు పిల్లలే తేవాలి. గోడ మీద పెద్ద చార్టు. అందులో మూడు గడులు. మొదటి గడిలో వస్తువు బొమ్మ, చిన్నదైతే దారంతో వస్తువునే కట్టేసేదాన్ని. రెండో గడిలో ఇంగ్లీషు మాట. మూడో గడిలో ఎర్ర స్కెచ్ పెన్నుతో "తెచ్చినవారు" అని రాసి, కింద పిల్లల పేర్లు.

ఆ మూడో గడే నా విజయ రహస్యం. పరీక్షలో పది మార్కులు రాని పిల్లాడు కూడా గోడ మీద తన పేరు చూసుకుని రెండంగుళాలు ఎదిగేవాడు. తల్లులు సంతకు వచ్చి, అటునుంచి బడికి వచ్చి, తమకు చదవడం రాకపోయినా ఆ పేరు మీద వేలు పెట్టి చూసుకుని వెళ్లేవారు. నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వమే నా కళ్లకు గంతలు కట్టింది.

ఆ ఏడాది తొమ్మిదో తరగతికి పళ్ల పాఠం పెట్టుకున్నాను. ఇంగ్లీషువాడికి పళ్ల మీద ఎంత మోజో, ఒక్కోదానికి ఒక్కో పేరు. ముందు పళ్లు ఇన్సిజర్లు, వాటి పక్కన కోసుగా ఉండేవి కెనైన్లు, నమిలేవి మోలార్లు. పాముకుంటే ఫ్యాంగ్, ఏనుగుకుంటే టస్క్, చక్రానికుంటే కాగ్. మా తెలుగు మాస్టారు స్టాఫ్ రూములో ఇది విని, "మనకి మాత్రం తక్కువేటమ్మా? పాముకి కోర, ఏనుక్కి దంతం, కొడవలికి కక్కు. మనం డప్పు కొట్టుకోం, అంతే" అన్నారు. ఆయనకు రిటైర్మెంటు దగ్గర పడింది. నోట్లో నాలుగు పళ్లకు మించి లేవు. ఆ నాలుగింటితోనే నన్ను రోజూ ఏడిపించేవారు.

"సోమవారం పళ్లున్న వస్తువులు తెండి, పాము కోర మాత్రం వద్దు" అని శుక్రవారమే చెప్పి పంపాను. ఆ సోమవారం క్లాసు సంతలా ఉంది. దువ్వెనలు పద్నాలుగు వచ్చాయి, అందులో మూడు మా స్టాఫువే. సైకిలు పళ్ల చక్రం ఒకటి. వరి కోసే కొడవలి ఒకటి, దాన్ని నేను వెంటనే బీరువాలో పెట్టి తాళం వేశాను. చీడికాడ కొండవైపు నుంచి వచ్చే అబ్బాయి అడవిపంది కోర తెచ్చాడు, వాళ్ల తాతదట. గానుగ చక్రం మోయలేక ఒకడు దాని మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆ పళ్ల అచ్చు తెచ్చాడు. వాడి తెలివికి అందరిచేతా చప్పట్లు కొట్టించాను. ఒకమ్మాయి ఆదివారం కూరలోకి తెచ్చిన మేక తలకాయ నుంచి దవడలు కడిగి, ఎండబెట్టి తెచ్చింది. పై దవడకు ముందు పళ్లు లేవని, దార్లో విరగ్గొట్టేసిందని క్లాసంతా ఆమె మీద పడ్డారు. సైన్సు టీచరు వచ్చి, మేకకు, ఆవుకు పైన ముందు పళ్లే ఉండవని చెప్పేదాకా ఆ పిల్ల ఏడుస్తూనే ఉంది.

కిటికీ పక్క మూడో బెంచీలో ఒకమ్మాయి ఉండేది. రావికమతం దారిలో పల్లె. తండ్రి రంపాలకు పదును పెట్టేవాడు. ఆ అమ్మాయికి పై పళ్లు బాగా ఎత్తు. పెదవులు మూసినా రెండు పళ్లు బయటికి కనిపించేవి. ఎప్పుడు లేచి చదవమన్నా ఎడమ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని చదివేది. నాకు చిరాకు. "చెయ్యి తియ్యి, మాట వినబడటం లేదు" అని రోజూ అరిచేదాన్ని. నేను అరిచినప్పుడు తీసేది, రెండు ముక్కలు చదవగానే చెయ్యి మళ్లీ పైకి వచ్చేది. ఎందుకు పెట్టుకుంటోందో తెలియనంత మొద్దునా? తెలుసు. తెలిసీ అది మానిపించడమే మేలు చేయడం అనుకున్నాను.

పీరియడు అయిపోవస్తోంది. చార్టు నిండింది. చూస్తే ఆ అమ్మాయి పేరు ఒక్కటే లేదు. సంచి ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద పెట్టుకుని కూర్చుంది. నాకు జాలేసింది. అదే జాలి ఇంకో రకంగా వచ్చి ఉంటే ఎంత బాగుండేది. అప్పుడు నా బుర్రలో ఒక మాట మెరిసింది. చార్టు మీద "బక్ టీత్" అని రాశాను. ఎత్తు పళ్లు అని అర్థం చెప్పాను. "నువ్వోసారి లేమ్మా" అన్నాను. లేచింది. "నీ పేరు చార్టులో లేకుండా ఎందుకుండాలి?" అని మూడో గడిలో ఎర్ర అక్షరాలతో ఆమె పేరు రాశాను. వెనక్కి తిరిగి నవ్వాను కూడా. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు కుంచించుకుపోతుంది.

క్లాసు నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు అప్పుడే తెలిసేదేమో. నలభై మందీ తిరిగి ఆ పిల్ల నోటివంక చూశారు. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. గంట కొట్టారు, నేను వచ్చేశాను.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. హాజరు పట్టీలో నేను ధీమాగా గీతలు పెట్టుకుంటూ పోయాను. "వీళ్లకి చదువంటే లెక్కలేదు, ఇంత కష్టపడి చెబుతున్నా" అని స్టాఫ్ రూములో విసుక్కున్నాను కూడా. ఎనిమిదో రోజున తెలుగు మాస్టారు ఆ క్లాసుకు ఎవరి బదులో వెళ్లారు. వెళ్లిన కాసేపటికే క్లాసు తలుపు దగ్గరికి వచ్చి, వరండాలో వెళుతున్న నన్ను పిలిచారు. ఆయన మొహంలో ఎప్పుడూ ఉండే అల్లరి లేదు.

"ఏటమ్మా ఇది? ఆ గుంట పేరు ఇక్కడ రాసేవేటి?"

"అందరి పేర్లూ ఉన్నాయి కదండీ, దానిది లేకపోతే బాధపడుతుందని."

"మేక దవడ తెచ్చిన పిల్ల మేక దవడ తెచ్చింది. కోర తెచ్చినోడు కోర తెచ్చేడు. ఈ గుంట ఏటి తెచ్చింది? సెప్పు."

నేను చార్టు వంక చూశాను. నా చేతి రాతే. "తెచ్చినవారు" అన్న మాట కింద ఆమె పేరు. పిల్లలందరూ వినేలా ఆయన ఇంకేమీ అనలేదు, తలుపు దగ్గరగా వేసి లోపలికి వెళ్లిపోయారు. ఆ మర్యాదకు ఆయనకు ఈ జన్మంతా రుణపడి ఉంటాను.

సాయంత్రం అందరూ వెళ్లాక ఆ పేరు చెరపబోయాను. స్కెచ్ పెన్ను ముద్ర పోలేదు. బ్లేడుతో గీకితే కాగితం చిరిగింది. చివరికి తెల్ల కాగితం ముక్క అంటించాను. దాని కిందనుంచి కూడా ఎర్రగా కనిపిస్తూనే ఉంది.

ఆదివారం చర్చి నుంచి ఇంటికి వెళ్లకుండా నేరుగా ఆటో ఎక్కాను. ఆరోజు పాస్టరుగారు దేని గురించి ప్రసంగించారో అడిగితే చెప్పలేను. ఆటోలో ఇద్దరు ముసలమ్మల మధ్య ఇరుక్కుని దారి పొడుగునా ఒకే వాక్యం తయారు చేసుకున్నాను. "పిల్లలేదో ఏడిపించారట, నేను కేకలేశాను, ఇక ఎవరూ ఏమీ అనరు." చూశారా, ఎంత చక్కటి వాక్యమో? అందులో అబద్ధం ఉన్నట్టే ఉండదు.

తండ్రి ఇంటి ముందు రేకుల పందిరి కింద పని చేసుకుంటున్నాడు. రెండు చెక్కల మధ్య రంపాన్ని బిగించి, మూడు పలకల ఆకురాయితో ఒక్కో పన్నూ రాస్తున్నాడు. నన్ను చూసి గబగబా లేచాడు.

"రండి రండి టీచర్ గారూ. కూకోండి. ఒసే, మీ టీచర్ గారొచ్చేరు, మంచినీళ్లు పట్రా." లోపలికి కేకేసి, నా వైపు తిరిగాడు. "సూసేరా దీని మొండితనం. బడికెల్లవేటే అంటే ఓపాలి కడుపునొప్పంటాది, ఓపాలి తలనొప్పంటాది. ఇంక సదవనంటంది. అనకాపల్లిలో మా తోడల్లుడు బట్టల కొట్లో పన్జేస్తన్నాడు, ఆడికి సెప్పేను. రేపు ఎట్టుకొచ్చీమన్నాడు. ఇంటికాడ కూకోడం కన్నా నయం గదండి."

రేపు. నేను ఒక్కరోజు బద్ధకించి ఉంటే ఆ పిల్ల కొట్లో చీరలు మడతపెడుతూ ఉండేది.

ఆ అమ్మాయి గ్లాసుతో గుమ్మంలోకి వచ్చింది. ఒక చేతిలో గ్లాసు, ఇంకో చెయ్యి నోటి మీద. నా వంక చూసింది. ఆ కళ్లల్లో కోపం కోసం వెతికాను, లేదు. నేను ఎక్కడ చెప్పేస్తానోనన్న భయం ఉంది. అంటే ఇంట్లో ఏమీ చెప్పలేదు. నేను అన్నది అందరి ముందూ ఒకసారి విన్నది చాలక, మళ్లీ తన నోటితో తండ్రికి ఎలా చెబుతుంది?

"అది సరే గాని టీచర్ గారూ" తండ్రి మళ్లీ ఆకురాయి అందుకున్నాడు, "రంపం ముక్క బాగుందన్నారా క్లాసులో?"

"ఏ ముక్క?"

"పళ్లున్న సామాన్లు తెమ్మన్నారంట గదండి. ఇరిగిపోయిన రంపం ముక్కోటి కావాలనీసి అడిగింది. నాను పదునెట్టిస్తానంటే ఒప్పుకోలేదు. తన సేత్తో సేసిందే సూపించాలంట. రెండ్రోజులు కూకుని తుప్పంతా గీకీసి, పళ్లన్నీ తనే తీసింది. కాసింత వంకరొచ్చింది గాని, ఈ వయసుకి అది గొప్పేనండి."

ఆరోజు ఆమె ఒళ్లో పెట్టుకున్న సంచి గుర్తొచ్చింది. దాని మీద పెట్టుకున్న రెండు చేతులు గుర్తొచ్చాయి. బయటికి తీయడానికి ధైర్యం కూడగట్టుకుంటోంది ఆ పిల్ల. ఆ సంచిలో ఏముందమ్మా అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

ఆటోలో తయారు చేసుకున్న వాక్యం ఇక నోటికి రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఏం రాశానో, ఎక్కడ రాశానో, ఎవరి ముందు నిలబెట్టానో అంతా. "పిల్లది మొండి కాదు బాబూ, తప్పు నాది" అన్నాను.

అతను ఆకురాయి ఆపేశాడు. కేకలేస్తాడనుకున్నాను, వేస్తే బాగుండుననీ అనుకున్నాను. రంపం మీద రాలిన ఇనుప పొడిని వేలితో తుడిచాడు.

"మాయమ్మవీ ఇయ్యే పళ్లండి" అన్నాడు చివరికి. "అమ్మ నవ్విందంటే ఈదంతా ఇనబడీది. దీనికి ఆ పళ్లొచ్చేయనీసి నాను ఎంత సంబరపడ్డానో."

పమిటతో మొహం తుడుచుకున్నాను. గుమ్మంలో ఉన్న పిల్ల తండ్రి వంకే చూస్తోంది. ఈ సంగతి ఆమెకూ కొత్తేనని చూస్తేనే తెలిసిపోయింది.

"నా పేరు కొట్టేసేరా టీచర్?" అంది, చేతి వెనకనుంచి.

"కాగితం అంటించానమ్మా."

"మరి రంపం పక్కన ఎవరి పేరు రాసేరు?"

"ఎవరిదీ లేదు. ఎవరూ తేలేదని బొమ్మ గీసి ఊరుకున్నాను."

ఆ పిల్ల లోపలికి వెళ్లి పాత తువ్వాలులో చుట్టిన ముక్క తెచ్చింది. జానెడు ఉంటుంది. "దీని గురించి చెప్పు" అన్నాను. "మీకు తెలవదా?" అంది. "నాకు రంపమంటే స్పెల్లింగు తప్ప ఏమీ తెలియదు" అన్నాను, అది నిజం.

ఒంటి చేత్తో చూపించబోయింది. కుదరలేదు. రంపం అంచును కంటికి తిన్నగా పట్టుకుని చూడాలంటే రెండు చేతులూ కావాలి. అలా ఆ చెయ్యి నోటి మీంచి దిగింది.

"ఇటు సూడండి టీచర్. ఒక పన్ను ఇటు ఒంగుంటాది, పక్కది అటు. అన్నీ తిన్నగా ఉన్నాయనుకోండి, కర్రలో ఇరుక్కుపోద్ది, ముందుకీ రాదు ఎనక్కీ రాదు. ఇలా ఒంచితేనే దారి ఎడల్పొస్తాది, రంపం ఆడతాది. ఇదిగో ఈ పన్ను నాను ఎక్కువ ఒంచీసేను. నాన్న తిట్టేడు."

"తిట్టలేదే" అన్నాడు తండ్రి.

ఆ మాటల్లోంచి ఒక నీతివాక్యం తీసి ఆ పిల్ల నెత్తిన పెట్టాలని నా నాలుక ఎంత దురద పెట్టిందో మీకు తెలియదు. టీచర్ల జబ్బు అది. బలవంతంగా ఆపుకున్నాను. చెయ్యి దిగిందని కూడా అనలేదు. నా ఉద్యోగం మొత్తం మీద నోరు మూసుకుని చేసిన మంచి పని అదొక్కటే.

వచ్చేస్తూ "రేపు తీసుకొస్తావా అది?" అని అడిగాను. ఆమె తండ్రి వంక చూసింది. అతను "దానికెలా తోస్తే అలాగేనండి" అన్నాడు. రాత్రంతా నాకు అదే ఆలోచన.

సోమవారం ప్రార్థన అయిపోయింది. మొదటి పీరియడు గంట కొట్టారు. మూడో బెంచీ ఖాళీ. హాజరు పిలుస్తూ ఆమె పేరు దగ్గర ఆగిపోయాను. గీత పెట్టడానికి చెయ్యి రాలేదు. సరిగ్గా అప్పుడు గేటు దగ్గర మోటారు సైకిలు ఆగిన చప్పుడు. తండ్రి వెనక కూర్చుని వచ్చింది, ఒళ్లో గోనెపట్టా చుట్టిన పొడుగాటి రంపం. ముక్క కాదు, తండ్రి రోజూ పని చేసుకునే నిలువెత్తు రంపం. "సాయంత్రం దాకా ఉంచండి, ఇయాల నాకు దాంతో పన్లేదు" అని అబద్ధమాడి, తోడల్లుడికి ఫోన్ చేసి వద్దని చెప్పేశానని కూడా చెప్పి వెళ్లిపోయాడు.

ముందు క్లాసుకు నా తప్పు చెప్పాను. మీరేం తేవాలో చెప్పేదాన్ని, నేనేం చేయకూడదో మరిచిపోయాను అన్నాను. పిల్లలు నన్ను వింతగా చూశారు. తర్వాత పాత చార్టు తీసేసి కొత్తది పెట్టాను, స్కెచ్ పెన్ను ఆమె చేతికిచ్చాను. ఇద్దరు పిల్లలు రంపం చెరో కొస పట్టుకున్నారు. పీరియడంతా ఆమే చెప్పింది. తెలుగులోనే చెప్పింది, ఇంగ్లీషు మాట కావలసిన చోట ఆగి నా వంక చూసేది, నేను అందించేదాన్ని. మధ్యలో రెండుసార్లు చెయ్యి నోటి దాకా వెళ్లింది. రంపం వైపు చూపించాల్సి వచ్చి దిగిపోయింది. చివర్లో రంపం బొమ్మ పక్కన తన పేరు తనే రాసుకుంది. కిటికీ బయట తెలుగు మాస్టారు నిలబడి, ఉన్న నాలుగు పళ్లూ కనబడేలా నవ్వారు.

ఆ తర్వాత ఏదో పెద్ద అద్భుతం జరిగిందని అనుకోకండి. ఆమె చెయ్యి పూర్తిగా దిగడానికి పదో తరగతి చివరి దాకా పట్టింది. ఇంగ్లీషులో యాభై రెండు మార్కులు వచ్చాయి. తర్వాత నాకు ఎక్కడా కనబడలేదు, నేనూ రిటైరయ్యాను.

ఇక నా పళ్ల సంగతి. పోయిన నెల ముందు పళ్లు ఐదు ఒకేసారి పీకించుకున్నాను. కట్టుడు పళ్లకు ఇంకా టైముంది. ఇంతలో కె.కోటపాడులో మా చెల్లెలి ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థన కూడిక, నేను వెళ్లక తప్పలేదు. పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బస్సెక్కి, ఎవరూ పలకరించకూడదని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆడవాళ్లకు టికెట్టు ఊరికే అయినా ఏ ఊరో చెప్పాలి కదా. కండక్టరమ్మ వెనకనుంచి ఊళ్ల పేర్లు గట్టిగా అరుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "ఎక్కడికమ్మా?" అంది.

కొంగు వెనకనుంచి ఏదో గొణిగాను. టికెట్టు చేతికి రాలేదు. తలెత్తి చూస్తే ఖాకీ చొక్కా, చేతిలో టికెట్టు మెషీను. నవ్వుతున్న ఆ పై పళ్లు ఎప్పటిలాగే రెండూ ముందుకు ఉన్నాయి. ఆ నవ్వు బస్సంతా వినబడింది.

"చెయ్యి తీయండి టీచర్ గారూ" అంది. "మాట ఇనబడట్లేదు."

తీసేశాను.